గాదెలో గాంధారం

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోను పట్టుకొచ్చి, ఒక్క మనిషే ఒకేసారి రెండు గొంతులతో పాడుతున్నాడు వినమంది. నేను చింతచిగురు ఏరుతున్నాను. వినకుండానే "ఆఁ, బాగుంది" అన్నాను. దాని ఫోనులో వచ్చే వింతలన్నిటికీ ఈ మధ్య నేనిచ్చే జవాబు అదే. అది ఊరుకునే రకం కాదు కదా, ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. ముందు ఓ బొంగురు గొంతు వినిపించింది, రుబ్బురోలు తిరుగుతున్నట్టు. కాసేపటికి ఆ గొంతు మీదే సన్నగా, ఎక్కడి నుంచో వచ్చినట్టు ఓ ఈల మొదలైంది. నా చేతులు ఆగిపోయాయి.

తెర మీద టోపీ పెట్టుకున్న ముసలాయన, వెనక చెట్టన్నది లేని గడ్డి మైదానం. మంగోలియా అట. ఆ పాటని ఖూమీ అంటారట, వాళ్ళ భాషలో గొంతని అర్థమట. నీకిది ముందే తెలుసా అని అడిగింది నా మొహం చూసి. మా బాబాయి పాడేవాడన్నాను. పకపకా నవ్వింది. కోనసీమలో కొబ్బరికాయల వ్యాపారం చేసుకునే మనిషి మంగోలియా పాట పాడాడంటే ఎవరైనా నవ్వుతారు. అప్పుడు కూడా నవ్వారు. నవ్వని వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా నాన్న, బాబాయి ఒకే ఇంట్లో ఉండేవారు. పగలంతా పెరట్లో కొబ్బరికాయల రాశి, పచ్చి డొక్కల వాసన, కాయలు ఒలిచేవాళ్ళ కబుర్లు. ఆ రాశి ముందు లుంగీ ఎగ్గట్టి నిలబడే బాబాయిని చూస్తే, ఈయన ఒకప్పుడు కిరీటం పెట్టుకుని స్టేజీ ఎక్కేవాడంటే నమ్మబుద్ధి కాదు. పద్యనాటకాల్లో రాజు వేషాలన్నీ ఆయనవే. పద్యం అయ్యాక రాగం అందుకున్నాడంటే, ఆ గొంతు పైకి పైకి వెళ్ళి అక్కడే నిలబడిపోయేదట. కాలవలో పడవ మీద వెళ్ళేవాళ్ళు గడ వేయడం ఆపి వినేవారట. ఇన్ని "అట"లు ఎందుకంటే నాకు ఊహ తెలిసేసరికే నాటకాలు వెనకబడ్డాయి. నాకు గుర్తున్నది ఒక్కటే. నాన్న ఒళ్ళో కూచుని ఉన్నాను. స్టేజీ మీద బాబాయి యుద్ధంలో దెబ్బతిని, పద్యం పాడి, పడి చచ్చిపోయాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. ఇంతలో జనం వన్స్ మోర్ అని అరిచారు. చచ్చిపోయిన బాబాయి లేచి, కండువా దులుపుకుని, ఆ పద్యమే మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడు. పద్యనాటకంలో అది మర్యాద. జనం అడిగితే ప్రాణం పోయినవాడైనా లేవాలి.

తర్వాత ఆ గొంతు పోయింది. లోపల కాయలు కాశాయని కాకినాడలో ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చాక చాలా రోజులు పలక మీద రాసి చూపించేవాడు. మాట తిరిగొచ్చింది గానీ అది ఆయన మాట కాదు, బావిలోంచి వచ్చినట్టు ఉండేది. కింద షడ్జం తప్ప పైన ఏదీ పలకదు. గట్టిగా ప్రయత్నిస్తే గాలి తప్ప నాదం రాదు. గొంతు మీద బలం పెట్టొద్దు, పెడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు గారు చెప్పిన మాట మా పిన్నికి వేదమైంది. ఆయన బుగ్గన ఎప్పుడూ కరక్కాయ ముక్క ఉండాల్సిందే. పొద్దున్నా సాయంత్రం మిరియాల కషాయం. మా ఇంట్లో పొయ్యి మీద పాలకంటే కషాయం ఎక్కువసార్లు పొంగింది. ఆ ఘాటుకి మేం పిల్లలం వరసగా తుమ్ముతూ బడికి వెళ్ళేవాళ్ళం.

అంతకుముందు ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే బాబాయి, సాయంత్రం కాగానే రేడియో ముందు పెట్టుకుని కూచోవడం మొదలెట్టాడు. దానికో తీగ కట్టి కొబ్బరిచెట్టు మీదికి లాగాడు. ముల్లు తిప్పుతూ అర్థం కాని దేశాలన్నీ వినేవాడు. ఊరికే తిప్పడమే గానీ ఎక్కడా ఆగేవాడు కాదు. కార్తీకమాసంలో ఓ సాయంత్రం ఆగాడు.

నేను పక్కనే హోంవర్కు చేసుకుంటున్నాను. గరగరల మధ్య ఓ బొంగురు గొంతు, దాని మీద ఈల. రెండు స్టేషన్లు కలిసిపోయాయనుకుని బాబాయి ముల్లు కొంచెం జరిపాడు. రెండూ కలిసే పోయాయి. వెనక్కి తెచ్చాడు. రెండూ కలిసే వచ్చాయి. పాట అయ్యాక ఒకావిడ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నానని ఇంట్లో నాకో హోదా ఉండేది. ఏమంటోందమ్మా అని బాబాయి అడిగితే, నాకు చిక్కిన ముక్కలు చెప్పాను. మంగోలియా, గొర్రెలు, గుర్రాలు, కొండ, గాలి. పాడింది మాత్రం ఒక్కడే. ఆ మాట రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాడు.

బాబాయి కుర్రతనంలో రాజమండ్రిలో ఓ గురువుగారి దగ్గర కొన్నాళ్ళు తంబురా మీటాడు. తంబురాకి శ్రుతి సరిగ్గా కలిస్తే, ఎవరూ మీటని గాంధారం, సరిగమల్లో గ, దానంతటది వినిపిస్తుంది. సంగీతం తెలిసినవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

"తంబురాలో పలికే గాంధారాన్ని వీడు గొంతులో పలికిస్తున్నాడమ్మా" అన్నాడు బాబాయి. "కింద షడ్జం చాలట వీడికి. పైది దానంతటదే వస్తోంది."

కింద షడ్జం ఆయన దగ్గర ఉంది. మిగిలింది అదొక్కటే.

ఆ మర్నాటి నుంచి ఆయనకి పిచ్చి పట్టిందని ఊరు అనుకుంది, మా పిన్ని కూడా అనుకుంది. పెరటి చివర రాతి స్తంభాల మీద పాత చెక్క గాదె ఉండేది. ధాన్యం కళ్ళంలోంచే మిల్లుకి పోవడం మొదలయ్యాక అది ఖాళీగా పడి ఉంది. లోపల పాత వడ్ల దుమ్ము, ఎండిన వేపాకు, ఎలుకల వాసన. బాబాయి పొద్దున్నే నిచ్చెన వేసుకుని అందులో దూరేవాడు. అక్కడైతే తన గొంతు తనకి గుండ్రంగా వినిపిస్తుందట. గాదె కింద పందికొక్కులుంటాయని విన్నాను గానీ గాదెలో ఉండేవాణ్ణి నేనే కట్టుకున్నానని పిన్ని దెప్పేది. ఆయన లోపల్నుంచి ఊఁ అనేవాడు. అది జవాబో సాధనో తెలిసేది కాదు.

నేర్పేవాళ్ళు లేరు. ఆ పాట రేడియోలో మళ్ళీ దొరకనూ లేదు. ఒక్కసారి విన్నదాన్ని తలుచుకుంటూ నోటితో వెతుక్కున్నాడు. ముందు "ఊ" అంటూ మెల్లగా "ఈ" లోకి జారేవాడు. తర్వాత పెదాలు సున్నా చుట్టి బుగ్గలు లోపలికి లాగేవాడు. మేం పిల్లలం ఊరుకుంటామా? నోటినిండా మజ్జిగ పోసుకుని గుడగుడలాడిస్తూ మంగోలియా ఆట ఆడుకునేవాళ్ళం. గాదెలో దెయ్యం ఉందని పాలు పోసే ఆవిణ్ణి నమ్మించి, ఆవిడ పెరటి వైపు రావడం మానేస్తే, అమ్మ చేత వీపులు చిట్లగొట్టించుకున్నాం. బాబాయి మాత్రం మమ్మల్ని కోప్పడలేదు. మజ్జిగ పోసుకున్నప్పుడు నాలుక ఎక్కడుందో చెప్పమని అడిగాడు.

పిన్ని బాధ వేరు. ఓ రోజు తెల్లారగట్ల దగ్గి దగ్గి ఆయన కండువాలో ఎర్రటి చుక్క పడింది. ఆ వేళ ఆవిడ నిచ్చెన తీసేసి వంటింటి తలుపు వెనక దాచేసింది. ఆయన వచ్చి అడిగితే, నేను అక్కడే ఉన్నాను, ఆవిడ అరవలేదు.

"పద్యం పోతే పోయిందండీ. రేపు నన్ను పేరు పెట్టి పిలవడానికైనా ఓ గొంతుండాలి కదా మీకు" అంది.

బాబాయి నిచ్చెన కోసం చెయ్యి చాపాడు. ఇంకొక్క నెల అన్నాడు. గొంతు మీద బలం పెట్టడం లేదనీ, ఇదంతా నాలుక పనేననీ చెప్పాడు. మళ్ళీ ఒక్కసారి శ్రీరామనవమి పందిట్లో నిలబడి, గొంతు పైకి తీసి, జనం మొహాల్లో అది చూసి దిగిపోతానన్నాడు. పిన్ని నిచ్చెన ఇచ్చింది. ఇస్తూ కరక్కాయ ముక్క కూడా చేతిలో పెట్టింది.

ఈల వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చలి ఇంకా పోలేదు. కుంపట్లో కాల్చిన తేగలు వంటింట్లోంచి ఎత్తుకొచ్చి, అమ్మ కంట పడకుండా గాదె కింద కూచుని పీచు తీసి తింటున్నాను. పైన బాబాయి ఊఁ అంటున్నాడు. అలవాటైన చప్పుడే కాబట్టి పట్టించుకోలేదు. ఉన్నట్టుండి తలమీద ఏదో పిట్ట కూసింది. గాదెలో పిట్ట చిక్కుకుందనుకున్నాను. పిట్ట ఒక మెట్టు పైకెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. కింద బాబాయి గొంతు కదలకుండా అలాగే ఉంది. తేగ చేత్తో పట్టుకునే నిచ్చెనెక్కి చూశాను. కళ్ళు మూసుకుని కూచున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుంటే ఎక్కడ ఆగిపోతుందోనని తుడుచుకోవడం లేదు.

కిటుకంతా నాలుకలో ఉందన్నాడు తర్వాత. "ళ" అనబోయి ఆగిపోయినట్టు నాలుక కొస పైకి మడిచి పెట్టాలట. గొంతులో షడ్జం కదలకూడదు. అందులోనే పై స్వరాలన్నీ కలిసి ఉంటాయి, నాలుకని వెంట్రుకవాసి జరిపితే ఒక్కోటీ బయటికొస్తుంది. అన్నీ రావు మళ్ళీ. షడ్జం, రిషభం, గాంధారం, పంచమం చక్కగా వస్తాయి. మధ్యమం దాని దారిన అది ఎక్కడో పలుకుతుంది, మన మధ్యమం కాదు. అది వదిలేస్తే మోహన రాగం దగ్గరికి వస్తుంది. అందులోనూ ధైవతం మొండికేస్తుంది. పోనీ, దాన్ని పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోదాం అనేవాడు. ఇన్నాళ్ళకి ఆయన నోట హాస్యం విన్నాం.

పిన్ని విన్నది ఆ తర్వాత వారంలో. కషాయం గ్లాసు ఇవ్వడానికి వచ్చి నిచ్చెన మీదే ఆగిపోయింది. కషాయం చల్లారింది. ఆయన ఆపాక, ఇది మీ పాత గొంతేనండీ అంది. నిజానికి పాత గొంతు కాదు. సన్నగా, దూరంగా ఉండేది. కాలవ అవతలి గట్టు నుంచి వినిపించినట్టు. కానీ పెళ్ళైన కొత్తలో ఆవిడ కూడా ఆ గొంతుని స్టేజీకి దూరంగా, ఆడవాళ్ళ వైపు కూచునే విని ఉంటుంది.

చైత్రం వచ్చింది. మా ఊరి శ్రీరామనవమి పందిట్లో ఒకప్పుడు వరసగా నాటకాలు ఆడేవారు. ఆ ఏడు పట్నం నుంచి సినిమా పాటల ఆర్కెస్ట్రా వస్తోంది. ఆర్కెస్ట్రాకి ముందు, సాయంత్రం పూట, పాత కళాకారులకి శాలువాలు కప్పుతామనీ, బాబాయి కూడా రావాలనీ కమిటీవాళ్ళు అడిగారు. శాలువా కప్పుకుని దండం పెట్టి దిగిపోతే చాలన్నారు. బాబాయి ఓ పద్యం చెబుతానన్నాడు. వాళ్ళు మొహాలు చూసుకుని, మీ ఇష్టమండీ అన్నారు.

ఆ రోజు పిన్ని ట్రంకుపెట్టెలోంచి పట్టు కండువా తీసి ఎండలో వేసింది. నాఫ్తలీన్ ఉండల వాసన ఇల్లంతా. మేం ముందు వరసలో చాప పరుచుకుని కూచున్నాం. కొత్త తాటాకు పందిరి, మిరియాలు ఎక్కువైన పానకం, వడపప్పు నములుతున్న జనం. మా ఊళ్ళో పెళ్ళైనా చావైనా మైకు సెట్టు ఒకతనిదే. మంచివాడు. ఆర్కెస్ట్రా వాళ్ళ పెద్ద బాక్సుల పక్కన తన మిషను పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. ప్రెసిడెంటు గారు మాట్లాడుతుంటే మైకు కుయ్యిమని కూత పెట్టింది. ఆయన ప్రసంగం ఆపి, అందరి ముందూ అతన్ని చెడామడా తిట్టారు. అతను మిషను మీద చెయ్యి వేసి, ఇక ఆ చెయ్యి తియ్యలేదు.

బాబాయి వచ్చాడు. దండం పెట్టి పద్యం ఎత్తుకున్నాడు, ఆ బొంగురు గొంతుతోనే. జనం మర్యాదకి ఊరుకున్నారు. పెద్దవాళ్ళు కొందరు తల దించుకున్నారు, పాత గొంతు తెలిసినవాళ్ళు. పద్యం అయింది. రాగం మిగిలింది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు చుట్టాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

వచ్చింది. గాదెలో కంటే బాగా వచ్చింది. షడ్జం మీంచి రిషభం, అక్కణ్ణుంచి గాంధారం, పందిరి మీది గొట్టం మైకుల్లోంచి ఊరంతటికీ వెళ్ళింది. అందరి తలలూ తిరిగాయి, కానీ స్టేజీ వైపు కాదు, గొట్టం మైకుల వైపు. పక్కనెవరో చెవిలో వేలు పెట్టుకున్నారు. మళ్ళీ కూస్తోంది రా అని వెనక నుంచి అరిచారు. అంతే, మైకు చచ్చిపోయింది.

మా నాన్న లేచి నిలబడి పెంచమని చేతులూపాడు. మైకు సెట్టు అతను పెంచాడు. ఈల వచ్చింది. వెంటనే తగ్గించాడు. ఇంకోసారి అలాగే అయింది. ఇక లాభం లేదని మిషను వదిలి స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చాడు. బాబాయి ఇంకా రాగంలోనే ఉన్నాడు, గాంధారం మీద. అతను వచ్చి మైకు స్టాండు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే, బాబాయి కళ్ళు తెరిచి చూశాడు. చూసి, పాడటం ఆపి, అతనికి చోటిచ్చి పక్కకి జరిగాడు. ఈల ఆగింది. మైకు బాగుపడిందని అతను సంతోషంగా తల ఊపి, హలో హలో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, మైకుకి. ఈలోగా శాలువా వచ్చేసింది, ఆర్కెస్ట్రా వాళ్ళు వైర్లు తగిలించుకోవడం మొదలెట్టారు. బాబాయి దండం పెట్టి దిగిపోయాడు.

ఆ తర్వాత ఆయన గాదెలోకి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే బాగుండునని ఎక్కువ ఎదురు చూసింది పిన్నే. నిచ్చెన చాలా కాలం గాదెకి ఆనించే ఉంచింది. నాలుగు వర్షాకాలాలు చూసి గాదె ఓ పక్కకి ఒరిగితే చెక్కలు విప్పేశారు. బాబాయి పోయి కూడా ఏళ్ళు గడిచాయి. ఆ గొంతు నాకు తలుచుకుంటే ఇప్పటికీ వినిపిస్తుంది, ఇంకొకరికి వినిపించే దారి లేదు. నాకు ఏడుపొచ్చేది అక్కడే.

ఆ నవమి మర్నాడు పొద్దున్న మైకు సెట్టు అతను మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారండీ, ఏమీ అనుకోకండి. మీరు రాగం తీసినప్పుడల్లా మైకు కూసేసిందండి. నేను పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేపోతే మీ పద్యం పాడైపోయేదండి" అన్నాడు.

పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చింది, ఏదో అనబోయింది. బాబాయి ఆవిడ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అతనితో మాత్రం, మంచి పని చేశావు బాబూ, టీ తాగి వెళ్ళు అన్నాడు. అతను అరుగు మీద కూచుని టీ తాగి, ఎండ గురించీ మామిడికాయల గురించీ మాట్లాడి వెళ్ళాడు.

అతను వీధి దాటాక నేను ఆపుకోలేకపోయాను. అది మైకు కాదు, నేనేనని చెప్పొచ్చు కదా బాబాయ్ అని నిలదీశాను.

బాబాయి గ్లాసులు దగ్గరికి జరిపాడు.

"చెప్తే పాపం వాడు బాధపడడూ? మీరంటే ఇంట్లోవాళ్ళు. ఏం రాబోతోందో తెలిసి కూచున్నారు. తెలియకుండా కూచుని నా గాంధారాన్ని చెవి పెట్టి విన్నవాడు ఆ పందిట్లో వాడొక్కడేనమ్మా. వినబట్టే కదా అది వచ్చినప్పుడల్లా తగ్గించాడు."

అని నవ్వాడు. నేను కూడా నవ్వాను, అది బాబాయి వేసిన హాస్యమనుకుని. పిన్ని లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.